స్క్రమ్ సందేహాలు, సమాధానాలు: స్టాండప్ నుంచి స్ప్రింట్ రివ్యూ దాకా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు స్క్రమ్ టీమ్‌ల గురించే. స్క్రమ్ అంటే నెలకు మించని చిన్న విడతలుగా పని చేసుకుంటూ పోయే పద్ధతి, ఆ విడతనే స్ప్రింట్ అంటారు. ఒకే బాధను ఇద్దరు ముగ్గురు రాసినచోట ఒక్క ప్రశ్నగా కలిపేశాం. జవాబుల్లో ‘గైడ్’ అన్నచోటల్లా కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసిన స్క్రమ్ గైడ్ అని అర్థం. మొదట 2010లో వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్నది 2020 నవంబరు కూర్పు. నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదవడానికి గంట చాలు. మీ ఆఫీసులో ‘స్క్రమ్ రూల్’ అని చెప్పే చాలా సంగతులు అందులో కనపడవు. అది తెలిస్తే సగం వాదనలు అక్కడే తెగిపోతాయి.

ప్రశ్న: మా టీమ్‌లో 14 మందిమి. రోజూ రాత్రి 7.30కి అమెరికా క్లయింట్‌తో కలిపి స్టాండప్ (రోజువారీ చిన్న సమావేశం, గైడ్‌లో దీని పేరు డైలీ స్క్రమ్). పేరుకు 15 నిమిషాలు, అయ్యేసరికి ముప్పావుగంట. లీడ్ ఒక్కొక్కరినీ పిలిచి నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు అని అడుగుతారు. మన వంతు అయ్యాక మ్యూట్‌లో పెట్టి వేరే పని చూసుకోవడమే. దీన్ని దారిలో పెట్టడం ఎలా? – ఒక డెవలపర్, మాదాపూర్

14 మంది తలా మూడు నిమిషాలు మాట్లాడినా 42 నిమిషాలు. ఎవరూ అనవసరంగా సాగదీయక్కర్లేదు, మనుషుల సంఖ్యే సాగదీస్తుంది. స్క్రమ్ టీమ్‌లో మామూలుగా పది మంది, లేదా అంతకన్నా తక్కువ ఉంటారని గైడ్ చెబుతుంది. వీలుంటే ఏడుగురు చొప్పున రెండు టీమ్‌లు కండి. అయితే ఫ్రంటెండ్ వాళ్లంతా ఒకవైపు, బ్యాకెండ్ వాళ్లంతా ఒకవైపు వెళితే కొత్త చిక్కు మొదలవుతుంది. ఏ టీమూ ఒక పనిని మొదటినుంచి చివరిదాకా సొంతంగా పూర్తి చేయలేదు, ఒకరికోసం ఒకరు కాచుకు కూర్చోవాల్సి వస్తుంది. రెండింటిలోనూ స్క్రీన్ చేసేవాళ్లు, సర్వర్ కోడ్ రాసేవాళ్లు, టెస్టర్ ఉండేలా చూసుకోండి. ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా), ప్రొడక్ట్ ఓనర్ (ఏ పని ముందో తేల్చే మనిషి) మాత్రం రెండు టీమ్‌లకూ ఒకటే.

టీమ్‌ను విడదీయడం మీ చేతిలో లేకపోతే సమావేశం నడిపే వరస మార్చండి. మనుషుల వరస వదిలేసి బోర్డు (ఒక్కో పనికి ఒక్కో కార్డుతో, అది ఏ దశలో ఉందో చూపే పట్టిక) వరస పట్టుకోండి. బోర్డులో కుడిచివర, అంటే పూర్తికావడానికి దగ్గరగా ఉన్న కార్డుతో మొదలుపెట్టి ఎడమకు రండి. టెస్టింగ్‌లో ఉన్న కార్డు చూపించి ‘ఇది ఇవాళ డన్ కావాలంటే ఎవరు ఏం చేయాలి?’ అని అడగండి. తర్వాత కోడ్ రివ్యూలో ఆగినవి, తర్వాత డెవలప్‌మెంట్‌లో ఉన్నవి. కొత్తగా మొదలుపెట్టేవాటి ఊసు చివర్లో. రెండు రోజులుగా కదలని కార్డు కనపడితే ఎవరి పేరూ ఎత్తకుండా ఆ కార్డు గురించే మాట్లాడండి. సాంకేతిక చర్చ మొదలైందంటే ‘ఇది కాల్ అయ్యాక, మీరిద్దరూ నేనూ’ అని అక్కడితో ఆపేయాలి. ఆ ముగ్గురికి కావలసిన పదిహేను నిమిషాల కోసం మిగతా పదకొండు మందిని కట్టేయడం వల్లే మ్యూట్ అలవాటవుతుంది.

నిన్న, ఇవాళ, అడ్డంకులు అనే మూడు ప్రశ్నలు గైడ్‌లో ఇప్పుడు లేవు, 2020 కూర్పులో తీసేశారు. డైలీ స్క్రమ్ స్ప్రింట్ లక్ష్యం వైపు ఎంత వచ్చామో చూసుకుని, ఇవాళ్టి ప్లాన్ సరిచేసుకోవడానికి. అది డెవలపర్ల సమావేశం. క్లయింట్ వింటున్నారంటే జనం సహజంగానే తాము చేసినవి చెప్పుకుంటారు, ఇరుక్కున్నవి దాచుకుంటారు. క్లయింట్‌కు రోజువారీ సమాచారం కావాలంటే బోర్డు చూసే అనుమతి ఇవ్వండి, లేదా రోజూ నాలుగు వాక్యాల మెసేజ్ పెట్టండి.

పని చేసేవాళ్లంతా ఇక్కడే ఉంటే డైలీ స్క్రమ్ ఉదయం 10.30కి పెట్టుకోవడమే మంచిది. రాత్రి 7.30కి తీసుకున్న నిర్ణయంతో ఆ రోజు చేయగలిగే పని ఏమీ మిగలదు. అమెరికాలో కూడా డెవలపర్లు ఉంటే సాయంత్రం తప్పదు. అప్పుడు టైమ్ ఎవరి గడియారం ప్రకారమో ముందే రాసుకోండి. ఎండాకాలం మన రాత్రి 7.30 అంటే డాలస్‌లో ఉదయం 9. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అదే 7.30 వాళ్లకు ఉదయం 8. వాళ్లు 9 గంటలే కావాలంటే మనకు 8.30 అవుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా ఇదే లెక్క. ఈ గంట ఎవరు భరించాలో టీమ్ అంతా కలిసి తేల్చుకోవాలి. ప్రతి ఏడాదీ ఇక్కడివాళ్లే భరించాలన్న నియమం ఎక్కడా లేదు.

ప్రశ్న: ప్రతి రెండు వారాల స్ప్రింట్‌లోనూ మూడు నాలుగు స్టోరీలు (వాడేవారి అవసరంగా రాసిన పనులు) స్పిల్‌ఓవర్ అవుతున్నాయి, అంటే పూర్తికాక మిగిలిపోతున్నాయి. ప్లానింగ్‌లో అందరం సరే అన్నవే. పండగల నెలల్లో మరీ ఘోరం. ఎంత పని తీసుకోవాలో తేల్చే లెక్క ఏదైనా ఉందా? – ఒక టీమ్ లీడ్, విశాఖపట్నం

ఉంది. కాకపోతే లెక్కకన్నా ముందు లక్ష్యం ఉండాలి. దాని సంగతి తర్వాత చెబుతాం, ముందు లెక్క.

ఐదుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు అనుకోండి. రెండు వారాలంటే 10 పనిరోజులు, మొత్తం 70 మనిషి-రోజులు. సంక్రాంతి పడిన స్ప్రింట్‌లో రెండు రోజులు అందరికీ సెలవు, 14 తీసేస్తే 56. ఇద్దరు ఊరెళ్లి మరో మూడేసి రోజులు ఆగిపోతారు, 50 మిగిలింది. ప్లానింగ్, రివ్యూ (అయిన పని చూపించడం), రెట్రో (పనితీరు ఎలా మార్చుకోవాలో మాట్లాడుకోవడం), డైలీ స్క్రమ్, రిఫైన్‌మెంట్ (రాబోయే స్టోరీల వివరాలు తేల్చుకోవడం) అన్నీ కలిపి తలా ఒకటిన్నర రోజు, అంటే దాదాపు పదిన్నర. 39 చిల్లర. ఒకరు వంతులవారీగా ప్రొడక్షన్ సపోర్ట్ చూస్తారు, వాళ్లకు మిగిలిన ఆరు రోజులూ తీసేయండి. చివరికి చేతిలో ఉన్నవి 34కి అటూ ఇటూ. 70 ఉన్నాయనుకుని పని తీసుకుంటే స్పిల్‌ఓవర్ ప్లానింగ్ రోజే ఖాయమైపోయినట్టు.

ఇప్పుడు గత మూడు స్ప్రింట్లలో నిజంగా పూర్తయినవి చూడండి. 24, 19, 26 పాయింట్లయితే సగటు 23 (పాయింటు అంటే పని ఎంత పెద్దదో టీమ్ వేసుకునే అంకె, తర్వాతి జవాబులో వివరంగా ఉంది). ఆ స్ప్రింట్లలో ఇదే పద్ధతిలో లెక్కేసిన రోజులు సగటున 46 అనుకుంటే రోజుకు అర పాయింటు. అందువల్ల 34 రోజులకు 17. ఈ నిష్పత్తి టీమ్ మొత్తానికి, ఈ ఒక్క ప్లానింగ్ కోసమే. దీన్ని పట్టుకుని ‘నీకు ఏడు రోజులున్నాయి కాబట్టి మూడున్నర పాయింట్లు’ అని మనుషులకు పంచితే మరుసటి నెల నుంచి అంకెలన్నీ అబద్ధం అవుతాయి.

సగం అయిన స్టోరీకి సగం పాయింట్లు రాసుకోకండి. పూర్తికానిది ఆ స్ప్రింట్‌కు సున్నా. అది ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌కు తిరిగి వెళుతుంది, అక్కడ మళ్లీ దాని వంతు ఎప్పుడో ప్రొడక్ట్ ఓనర్ చెబుతారు. జిరాలో (పనులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్) స్ప్రింట్ మూసేటప్పుడు మిగిలినవన్నీ తర్వాతి స్ప్రింట్‌లోకి ఒక్క క్లిక్కుతో తోసేయడం సులువే. అలా తోసేయడంతో ‘ఇది ఇంకా కావాలా?’ అన్న ప్రశ్న ఎవరూ అడగరు.

ఇక లక్ష్యం. గైడ్ ప్రకారం ప్లానింగ్‌లో మూడు విషయాలు తేలాలి: ఈ స్ప్రింట్ ఎందుకు విలువైనది, ఏమేం చేస్తాం, ఎలా చేస్తాం. నెల స్ప్రింట్‌కు గరిష్ఠంగా ఎనిమిది గంటలు, రెండు వారాలకు నాలుగు గంటలు దాటనివ్వకండి. చాలా టీమ్‌లు ‘ఎందుకు’ను వదిలేసి నేరుగా ‘ఏమేం’లోకి దూకుతాయి. అప్పుడు స్ప్రింట్ అంటే పొంతన లేని పన్నెండు కార్డులు. ఎవరి కార్డు వాళ్లది, ఎవరికీ పక్కవాళ్లతో పని ఉండదు. అక్కడినుంచే డైలీ స్క్రమ్ హాజరు పిలుపుగా మారుతుంది, రివ్యూ డెమోల వరుసగా మారుతుంది.

ఆన్‌లైన్ మందుల ఆర్డర్ యాప్ చేస్తున్నారనుకోండి. ‘చీటీ స్టోరీలు పూర్తి చేయాలి’ అనేది లక్ష్యం కాదు. ‘స్ప్రింట్ అయ్యేసరికి పేషెంట్ డాక్టర్ చీటీ ఫొటో పంపితే ఫార్మసిస్ట్ దాన్ని చూసి ఆమోదించగలగాలి’ అనేది లక్ష్యం. పదో రోజుకల్లా అది జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలరు. మధ్యలో పని బరువైతే లక్ష్యానికి అక్కర్లేని రెండు కార్డులు ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి పక్కన పెట్టవచ్చు, స్ప్రింట్ విఫలమైనట్టు కాదు. 2011 కూర్పు నుంచే గైడ్ ఎంచుకున్న పని మొత్తాన్నీ హామీగా చూడటం మానేసి అంచనాగా చూస్తోంది. టీమ్ మాట ఇచ్చేది లక్ష్యానికి. ‘అందరూ సరే అన్నారు కదా, ఒక్క కార్డు కూడా తగ్గకూడదు’ అని శనివారాలు పని చేయించే వాళ్లకు ఇది చూపించండి.

ప్రశ్న: మేనేజర్ ఒక పాయింటు అంటే ఎనిమిది గంటలని ఎక్సెల్ షీట్ తయారుచేశారు. పైగా పక్క టీమ్ వెలాసిటీ 60, మీది 30 ఏంటి అంటున్నారు. ఏం చెప్పాలి? – ఇద్దరు పాఠకులు, గచ్చిబౌలి, బెంగళూరు

మొదట చెప్పవలసింది: గైడ్‌లో స్టోరీ పాయింట్లు లేవు, వెలాసిటీ (ఒక స్ప్రింట్‌లో పూర్తయ్యే పాయింట్లు) లేదు, ప్లానింగ్ పోకర్ (కార్డులు చూపించి పాయింట్లు తేల్చే పద్ధతి) లేదు. పాయింట్లు ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ అనే మరో పద్ధతి నుంచి వచ్చాయి. ప్లానింగ్ పోకర్‌ను 2002లో జేమ్స్ గ్రెనింగ్ రాశారు, మైక్ కోన్ ప్రచారంలోకి తెచ్చారు. వాడుకోవచ్చు, మంచి పనిముట్లే. స్క్రమ్ తప్పనిసరి చేసినవి మాత్రం కావు.

పాయింటు అనేది పోలిక. ‘పాస్‌వర్డ్ మార్చే స్క్రీన్’ చేశాం, దానికి 3 అనుకున్నాం. కొత్త పని దానికన్నా కాస్త పెద్దదైతే 5, చాలా పెద్దదైతే 8. పక్క టీమ్ తమ 3ను వేరే పనితో పోల్చి పెట్టుకుంది. వాళ్ల 60కీ మీ 30కీ మధ్య పోలికే లేదు. పోల్చడం మొదలుపెడితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రెండు నెలల్లో 3 అనుకున్నవన్నీ 5 అవుతాయి, 5 అనుకున్నవి 8 అవుతాయి, వెలాసిటీ పైకి లేస్తుంది, పని అంతే ఉంటుంది. ఆ తర్వాత పాత అంకెలతో వేసుకున్న అంచనాలు దేనికీ పనికిరావు. గంటలుగా మార్చడం వల్ల వచ్చే నష్టమూ అలాంటిదే. ‘3 పాయింట్లంటే 24 గంటలు, నీకు 30 ఎందుకు పట్టింది?’ అన్న ప్రశ్న ఎదురవుతుందని తెలిసిన మనిషి ఇంకెప్పుడూ 3 అనడు.

అయితే మేనేజర్‌కు కావలసింది నిజమైన అవసరమే. ఎప్పటికి అవుతుందో ఆయన పైవాళ్లకు చెప్పాలి. దానికి మీ అంకెలు చాలు. బ్యాక్‌లాగ్‌లో ఇంకా 120 పాయింట్లున్నాయి, మీ గత స్ప్రింట్లలో తక్కువ 19, ఎక్కువ 26 అయితే, బాగా నడిస్తే ఐదు స్ప్రింట్లు, నెమ్మదిస్తే ఏడు. ‘పది నుంచి పద్నాలుగు వారాలు’ అని రాతపూర్వకంగా ఇవ్వండి, ప్రతి స్ప్రింట్ తర్వాత సరిచేసి మళ్లీ ఇవ్వండి. ఒకే తేదీ అడిగితే దూరపు తేదీ చెప్పండి. షీట్ గురించి వాదించే కన్నా ఇది ముందు చేతికిస్తే ఆ షీట్ అవసరం దానంతట అదే తగ్గుతుంది.

పోకర్ ఆడేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. సీనియర్ ముందే ‘ఇది చిన్నదే, మూడు’ అనేస్తారు. ఇక అందరూ మూడే. కార్డులు అందరూ ఒక్కసారే చూపించాలి. అతి తక్కువ, అతి ఎక్కువ చెప్పిన ఇద్దరూ ఎందుకో చెప్పాలి, మళ్లీ ఓటు. 2 అన్నవారికి పాత కోడ్‌లో ఇలాంటిది ఉందని తెలిసి ఉండొచ్చు, 13 అన్న టెస్టర్‌కు పాత ఫోన్లలో కెమెరా అనుమతి ఇబ్బంది గుర్తొచ్చి ఉండొచ్చు. ఆ రెండు మాటలూ బయటకు రావడమే పోకర్‌తో అసలు లాభం. రెండు మూడు సార్లకూ కుదరకపోతే పెద్ద అంకె రాసుకుని ముందుకు వెళ్లండి, లేదా స్టోరీని ముక్కలు చేయండి.

ప్రశ్న: మా ప్రొడక్ట్ ఓనర్ షికాగోలో ఉంటారు. ఇక్కడ బిజినెస్ అనలిస్ట్‌గా ఉన్న నన్ను ‘ప్రాక్సీ పీఓ’ (ప్రొడక్ట్ ఓనర్ బదులు ఉండేవారు) అంటారు. టీమ్ అడిగిన ప్రతి ప్రశ్నకూ ‘కనుక్కుని చెబుతా’ అనడమే నా ఉద్యోగం అయిపోయింది. పైగా స్టోరీలు మరీ పెద్దవిగా వస్తున్నాయి, ముక్కలు చేయమంటే ఎలా చేయాలో తెలియడం లేదు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

ప్రొడక్ట్ ఓనర్ ఒక్క మనిషే అయి ఉండాలి, కమిటీ కాదు. పని ఇతరులకు అప్పగించవచ్చు, జవాబుదారీ మాత్రం ఆయనదే. మీ చిక్కు అప్పగింతలో ఉంది. ప్రశ్నలు మీకు వస్తున్నాయి, నిర్ణయించే హక్కు రావడం లేదు. మనకు ఉదయం 11 అంటే షికాగోలో ఎండాకాలం అర్ధరాత్రి 12.30. ఆ టైమ్‌లో వచ్చిన చిన్న సందేహానికి జవాబు సాయంత్రానికి గానీ రాదు, డెవలపర్ ఈలోపు ఇంకో స్టోరీ తెరుస్తారు. సగంలో ఆగిన పనులు ఇలాగే పోగవుతాయి.

ఆయనతో ఒక గంట కూర్చుని, మీరు స్వయంగా తేల్చగలిగేవి ఏవో ఒక పేజీలో రాయించుకోండి. స్క్రీన్ మీద మాటలు, ఎర్రర్ మెసేజ్‌లు, ఫీల్డు పరిమితులు, స్ప్రింట్ లోపల పనుల వరస మీ ఇష్టం. ధరలు, చట్టం, పేషెంట్ సమాచారం ఎవరు చూడాలన్నది, కొత్త ఫీచర్ చేర్చడం, ఉన్నది తీసేయడం ఆయన నిర్ణయం. మీరు తీసుకున్నవన్నీ అదే రోజు స్టోరీ కింద కామెంట్‌గా రాయండి. ఆయన మార్చాలనుకుంటే మార్చుకుంటారు. మొదటి నెలలో ఒకటి రెండు మార్చినా నష్టం లేదు, ఆగి కూర్చున్న రోజులతో పోలిస్తే అది చవక.

మిగతా ప్రశ్నలు స్ప్రింట్‌లోకి రాకముందే తేలాలి. వారానికి ఒక గంట, ఆయనకు ఉదయం, మనకు సాయంత్రం కలిసే టైమ్‌లో రిఫైన్‌మెంట్ పెట్టండి. రాబోయే ఒకటి రెండు స్ప్రింట్లకు సరిపడా స్టోరీలే చూడండి. ఆరు నెలల తర్వాతవాటికి వివరాలు రాయడం వృథా, అప్పటికి అవి మారిపోతాయి. దీనికి టీమ్ సమయంలో పదో వంతుకు మించి పట్టకూడదని 2017 కూర్పులో ఉండేది. ఇప్పుడు ఆ అంకె తీసేశారు గానీ, కొలతగా ఇంకా పనికొస్తుంది.

ముక్కలు చేసే పద్ధతి మందుల యాప్‌తోనే చూద్దాం. ‘పేషెంట్ డాక్టర్ చీటీ అప్‌లోడ్ చేసి మందులు ఆర్డర్ ఇవ్వాలి’ అని ఒక స్టోరీ వచ్చింది, టీమ్ 21 అంది. సాధారణంగా దీన్ని డేటాబేస్ టేబుల్, ఏపీఐ, స్క్రీన్, టెస్టింగ్ అని నాలుగు చేస్తారు. ఇది తప్పు. వీటిలో ఏ ఒక్కటి పూర్తయినా పేషెంట్‌కు ఒరిగేది లేదు. నాలుగో ముక్క అయ్యేదాకా మొదటి మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో తెలియదు.

అడ్డంగా కాకుండా నిలువుగా కోయండి. మొదటి ముక్క: పేషెంట్ ఒకే ఒక్క ఫొటో పంపుతారు, అది ఫార్మసిస్ట్ స్క్రీన్‌లో కనపడుతుంది, అంతే. రెండోది: ఫార్మసిస్ట్ ఆమోదించడం, తిరస్కరించడం, తిరస్కరిస్తే కారణం తప్పనిసరి. మూడోది: ఒకటికి మించిన పేజీలు, పీడీఎఫ్. నాలుగోది: ఫొటో మసకగా ఉంటే పంపకముందే హెచ్చరిక. ఐదోది: పాత చీటీని మళ్లీ వాడుకోవడం. మొదటి రెండూ అయ్యేసరికి ప్లానింగ్ జవాబులో చెప్పిన స్ప్రింట్ లక్ష్యం నెరవేరింది. ఐదోది అసలు చేయాలా వద్దా అనేది జనం వాడటం చూశాక తేల్చుకోవచ్చు.

ఆ మొదటి ముక్కకు అంగీకార షరతులు ఎంత కచ్చితంగా ఉండాలంటే: ఫొటో 5 ఎంబీ వరకే, అంతకన్నా పెద్దదైతే ‘5 ఎంబీలోపు ఫొటో పంపండి’ అన్న మెసేజ్, మధ్యలో నెట్ పోతే సగం ఫైలు సేవ్ కాకూడదు, ‘మళ్లీ ప్రయత్నించండి’ బటన్ రావాలి, ఒక పేషెంట్ చీటీ ఇంకో పేషెంట్‌కు ఏ లింకుతోనూ తెరుచుకోకూడదు. టెస్టర్ వీటిని చదివి వెంటనే టెస్ట్ కేసులు రాయగలిగితే సరిపోయినట్టే. ‘అప్‌లోడ్ సజావుగా జరగాలి’ లాంటి వాక్యంతో ఎవరూ ఏమీ పరీక్షించలేరు.

ప్రశ్న: టీమ్ లీడ్‌గా ఉన్న నన్ను స్క్రమ్ మాస్టర్ (టీమ్‌లో స్క్రమ్ సరిగ్గా నడిచేలా చూసేవారు) చేశారు. మీటింగులు పెట్టడం, జిరా అప్‌డేట్ చేయించడం తప్ప పని కనపడటం లేదు. అందుకేనేమో ఇంకో రెండు టీమ్‌లు కూడా చూడమంటున్నారు. – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జిరా అప్‌డేట్ చేయడం ఆ పని చేస్తున్నవాళ్ల బాధ్యత. మీటింగ్ ఇన్వైట్ ఎవరైనా పంపగలరు. మీ పని ఆ రెండింటి మధ్య కనపడకుండా ఉంది. టెస్ట్ సర్వర్ అనుమతి అడిగి ఎన్ని రోజులైంది? కోడ్ రివ్యూ కోసం ఒక మార్పు సగటున ఎన్ని గంటలు ఆగుతోంది? పక్క టీమ్ ఏపీఐ వివరాలు ఇవ్వకపోతే ఎవరితో మాట్లాడాలి? ఇలాంటి అడ్డంకులన్నీ ఒక జాబితా చేసి, ప్రతిదాని ఎదురుగా మొదలైన తేదీ రాయండి. ఆ జాబితాలో వయసు పెరుగుతున్నవే మీ రోజువారీ పని. ప్రొడక్ట్ ఓనర్‌కు బ్యాక్‌లాగ్ చక్కదిద్దడంలో, మంచి లక్ష్యం రాయడంలో సాయపడటం, స్ప్రింట్ మధ్యలో పని జొప్పించే పైవాళ్లకు దాని ఖరీదు వివరించడం కూడా మీదే.

లీడ్‌గా ఉన్నవారికి అన్నిటికన్నా కష్టమైనది పని పంచకుండా ఉండటం. ఫలానా పని ఎవరు చేస్తారని అడిగి ఊరుకోండి. మొదట్లో అందరూ మీ వంకే చూస్తారు. పది సెకన్లు నిశ్శబ్దం భరిస్తే ఎవరో ఒకరు అందుకుంటారు. వాళ్ల వార్షిక రేటింగ్ మీరే రాస్తుంటే అది వేరేవారికి మార్పించుకోండి. రేటింగ్ ఇచ్చే మనిషి దగ్గర ఎవరూ తమ ఇబ్బంది చెప్పరు. సర్వీస్ కంపెనీలో బడ్జెట్, కాంట్రాక్టు, బిల్లింగ్ పనులు ఎలాగూ ఉంటాయి, అవి ప్రాజెక్ట్ మేనేజర్ చూసుకోవచ్చు. అవి లేవన్నట్టు నటించడం దేనికీ పనికిరాదు.

మూడు టీమ్‌లంటే, ఏళ్ల తరబడి కలిసి పనిచేస్తున్న టీమ్‌లయితే కుదరొచ్చు. కొత్త టీమ్‌లయితే వద్దనండి. సమావేశాలకు హాజరు కాగలుగుతారు గానీ, అడ్డంకుల జాబితా ముట్టుకునే తీరిక ఉండదు.

ప్రశ్న: స్ప్రింట్‌లో ఎనిమిదో రోజు దాకా మాకు పని ఉండదు. చివరి రెండు రోజుల్లో అన్ని స్టోరీలూ ఒక్కసారి మీద పడతాయి. ఆలస్యమైతే ‘టెస్టింగ్ వల్ల ఆగింది’ అంటారు. – ఒక టెస్టర్, కొండాపూర్

ఇది చిన్న వాటర్‌ఫాల్ (ఒక దశ మొత్తం అయ్యాకే తర్వాతి దశకు వెళ్లే పాత పద్ధతి), పేరే స్క్రమ్. మొదటి రోజే ఐదుగురు డెవలపర్లు ఐదు స్టోరీలు తెరవడం వల్ల ఇలా అవుతుంది. అన్నీ కలిసి నడుస్తాయి కాబట్టి అన్నీ ఒకేసారి చివరికి వస్తాయి. ఒక సమయంలో తెరిచి ఉన్న స్టోరీలకు హద్దు పెట్టండి. ఏడుగురి టీమ్‌కు మూడు చాలు. ఒక స్టోరీ మీద ఇద్దరు డెవలపర్లు కలిసి కూర్చుంటే మూడో నాలుగో రోజుకు మీ చేతికి మొదటిది వస్తుంది. అప్పుడు దొరికిన బగ్ రాసినవారి బుర్రలో ఇంకా తాజాగా ఉంటుంది, గంటలో పోతుంది.

కోడ్ మొదలవకముందే మీరు, డెవలపర్, బిజినెస్ అనలిస్ట్ ముగ్గురూ ఇరవై నిమిషాలు కూర్చోండి. టెస్ట్ కేసులు మీరు ముందే చూపిస్తే డెవలపర్ వాటిని దృష్టిలో పెట్టుకునే రాస్తారు. టెస్టింగ్ వరుసలో మూడు కార్డులు ఆగితే డెవలపర్ కొత్తది తెరవకూడదు, వచ్చి టెస్టింగ్‌లో చేయి వేయాలి. తన కోడ్ తాను కాదు, పక్కవాళ్లది.

అసలు మందు డెఫినిషన్ ఆఫ్ డన్, అంటే పని పూర్తయిందనడానికి ఉండాల్సిన షరతుల జాబితా. గోడ మీద రాయండి: కోడ్ రివ్యూ అయింది, ఆటోమేటెడ్ టెస్టులు రాసి పాసయ్యాయి, స్టేజింగ్‌లో (విడుదలకు ముందు పరీక్షించే సర్వర్) పరీక్షించాం, షరతులన్నీ నెరవేరాయి, తీవ్రమైన బగ్గులు లేవు. వీటిలో ఒక్కటి తగ్గినా ఆ స్టోరీని విడుదల చేయకూడదు, స్ప్రింట్ రివ్యూలో చూపించనూ కూడదు. ఇది గైడ్‌లో సూటిగా ఉంది. ‘డెవ్ డన్’ అనే వరుస మీ బోర్డులో ఉంటే తీసేయించండి. అది ఉన్నంతకాలం ఆలస్యం టెస్టర్ల ఖాతాలోనే పడుతుంది.

ప్రశ్న: రెట్రోలో ఎవరూ నోరు విప్పరు. డెలివరీ మేనేజర్ కూడా కూర్చుంటారు. ‘అంతా బాగుంది’ అని పది నిమిషాల్లో అయిపోతుంది. – పుణె

మేనేజర్‌ను రావద్దనండి. స్క్రమ్ మాస్టర్ విడిగా, మర్యాదగా, కారణంతో సహా చెప్పాలి. మొదటి ఏడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా పేర్లు లేని చీటీలు రాయండి, ఆన్‌లైన్ బోర్డు అయినా సరే. వాటిని గుంపులు చేసి ఓటేసి ఒక్కటే ఎంచుకోండి, ఎక్కువలో ఎక్కువ రెండు. ‘కమ్యూనికేషన్ మెరుగుపరచాలి’ అని రాస్తే ఏమీ జరగదు. ‘కోడ్ రివ్యూ అడిగిన నాలుగు గంటల్లో ఒకరు చూడాలి, వచ్చే స్ప్రింట్ అంతా ఇది పాటిస్తాం’ అని రాసి, దాన్ని స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లో కార్డుగా పెట్టండి. తర్వాతి రెట్రో ఆ కార్డుతోనే మొదలవ్వాలి. గత నెల చెప్పింది ఏమైందో కళ్లకు కనపడితేనే జనం మళ్లీ చెబుతారు. రెండు వారాల స్ప్రింట్‌కు గంటన్నర కేటాయించండి.

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం. స్క్రమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఉద్యోగం వస్తుందా? ఏది మేలు? – కాకినాడ

ఫ్రెషర్‌ను సర్టిఫికెట్ చూసి స్క్రమ్ మాస్టర్‌గా తీసుకునే చోట్లు అరుదు. టీమ్‌లో పనిచేసి ఉండాలని అడుగుతారు. డెవలపర్ లేదా టెస్టర్‌గా చేరడానికి కోడింగ్, టెస్టింగ్ మీదే మీ డబ్బు, సమయం పెట్టండి.

అయినా కావాలనుకుంటే తేడా ఇది. స్క్రమ్ అలయన్స్ వారి సీఎస్ఎం (సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్) సర్టిఫికెట్‌కు వాళ్ల ట్రైనర్ దగ్గర కోర్సు తప్పనిసరి, రెండేళ్లకోసారి డబ్బు కట్టి రెన్యువల్ చేయించుకోవాలి. స్క్రమ్ డాట్ ఆర్గ్ వారి పీఎస్ఎం (ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్) మొదటి స్థాయికి కోర్సు తప్పనిసరి కాదు. 60 నిమిషాల్లో 80 ప్రశ్నలు, 85 శాతం వస్తే పాస్, గడువు లేదు. అదే సైట్‌లో ఉచిత అభ్యాస పరీక్షలు ఉన్నాయి. సొంతంగా చదువుకోగల విద్యార్థికి రెండోదే చవక. ప్రశ్నలు నేరుగా గైడ్ మీద ఉంటాయి కాబట్టి యూట్యూబ్ వీడియోలకన్నా గైడ్‌నే నాలుగైదు సార్లు చదవండి. ఇంటర్వ్యూలో మాత్రం సర్టిఫికెట్ కన్నా మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అక్కరకొస్తుంది. నలుగురు కలిసి రెండు వారాల చొప్పున చేసి, ప్రతి విడతకూ లక్ష్యం ఏమిటి, ఏది మిగిలింది, ఎందుకు మిగిలింది అని రాసుకున్న పేజీ ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లండి.